పారాచూట్ తెరుచుకుంటే?

నేను స్కైడైవింగ్ చేస్తానని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి మాట ఒకటే: "పారాచూట్ తెరుచుకోకపోతే?" రెండోది ఉంటుందండీ అంటాను. "అదీ తెరుచుకోకపోతే?" అంటారు. ఇద్దరం నవ్వుకుంటాం, మాట వేరే దారిలో పోతుంది. పద్నాలుగేళ్ళుగా దూకుతున్నాను, లాగ్‌బుక్కులో 1,300 పైచిలుకు జంప్‌లున్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు "తెరుచుకుంటే?" అని అడగలేదు.

నా చీలమండ విరిగింది తెరుచుకున్న పారాచూట్ కిందే. అదీ అలాంటిలాంటి పారాచూట్ కాదు, ఒక్క తాడు కూడా మెలిపడకుండా, బొమ్మ గీసినట్టు తెరుచుకున్నది.

నా దగ్గర రెండు కథలున్నాయి. ఒకటి అందరికీ కావాల్సింది, రెండోది ఎవరికీ అక్కర్లేనిది. అందరికీ కావాల్సింది ముందు చెప్పేస్తాను.

అప్పటికి నాలుగు వందల చిల్లర జంప్‌లు అయ్యాయి. 13,000 అడుగుల నుంచి దూకి, దాదాపు ఒక నిమిషం గంటకి 200 కిలోమీటర్ల వేగంతో పడి, 3,500 అడుగుల దగ్గర నడుం కింద జేబులోంచి పైలట్ చూట్ లాగి గాలిలోకి విసిరాను. పైలట్ చూట్ అంటే చిన్న గొడుగంత గుడ్డ. అది గాలిని పట్టుకుని, వీపు మీది పెద్ద పారాచూట్‌ని సంచితో సహా బయటికి ఈడుస్తుంది. ఎప్పటిలాగే భుజాల దగ్గర ఊపు తగిలింది. తలెత్తి చూస్తే పారాచూట్‌లో గాలి నిండాల్సిన గదుల్లో కుడివైపువి మూడు ముడుచుకుపోయి ఉన్నాయి. తాళ్ళలో ఎక్కడో ముడి పడింది. దీన్ని టెన్షన్ నాట్ అంటాం. పారాచూట్ కుడివైపుకి తిరగడం మొదలెట్టింది. ముందు నెమ్మదిగా, ఆ తర్వాత నా కాళ్ళు పక్కకి లేచిపోయేంత జోరుగా. పారాచూట్‌ని తిప్పడానికీ, వేగం తగ్గించడానికీ చేత్తో లాగే తాళ్ళుంటాయి, వాటినే బ్రేకులంటాం. రెండు బ్రేకులూ కిందికంటా లాగి వదిలాను. ముడి వీడలేదు. ఇంకోసారి లాగాను. అబ్బే. మణికట్టు మీద ఆల్టిమీటర్ ముల్లు 2,700 దగ్గరుంది.

ఇక్కడికొచ్చేసరికి వినేవాళ్ళు కొంచెం ముందుకి వంగుతారు, ఏదో తెగువ చూపించి ఉంటానని. అలాంటిదేం లేదు. 2,500 అడుగుల కిందికి వచ్చాక సరిగా లేని పారాచూట్‌తో కుస్తీ పట్టకూడదని నేల మీదుండగానే తీర్మానం అయిపోయింది. అప్పటికి నా లైసెన్స్ స్థాయికి 1,800 దాకా ఆగవచ్చు, నాకు నేను పెట్టుకున్న గీత మాత్రం 2,500. ఇక నేను చేసిందల్లా, ప్రతి జంప్ రోజూ పొద్దున్నే పిచ్చివాడిలా గాలిలో చేతులాడిస్తూ వల్లె వేసే పాఠాన్ని అప్పజెప్పడమే. ఎర్రది చూడు, ఎర్రది పట్టుకో, వెండిది చూడు, ఎర్రది లాగు, వెండిది లాగు. ఎర్రది కుడి ఛాతీ దగ్గర వెల్క్రోతో అతుక్కుని ఉండే మెత్తటి పిడి. లాగగానే నన్ను గిరగిరా తిప్పుతున్నది కాస్తా మాయమైంది, లిఫ్ట్ ఒక్కసారిగా కిందికి జారినట్టు కడుపులో ఖాళీ. ఎడమవైపు వెండి పిడిని నేను పూర్తిగా లాగేలోపే రిజర్వ్, అంటే ఆ రెండో పారాచూట్, తలమీద తెరుచుకుని ఉంది. మనం వదిలేసిన పారాచూట్ పోతూ పోతూ రిజర్వ్ పిన్నుని లాక్కుపోయేలా ఒక పట్టీ కట్టి ఉంటుంది. ఆరెస్సెల్ అంటారు. ఆ రోజు అది నాకన్నా చురుగ్గా పనిచేసింది. నేను వెండిది కూడా లాగేశాను. ఆరెస్సెల్ ఉంది కదా అని చెయ్యి ఆగకూడదు.

ఆ రిజర్వ్‌ని మడిచింది ఒక రిగ్గర్, అంటే పారాచూట్‌లు మడిచి, బాగుచేసే మనిషి. అమెరికా నియమాల ప్రకారం, వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి రిగ్గర్ దాన్ని విప్పి, చూసి, మళ్ళీ మడిచి, దారంతో కట్టి తన సీలు వెయ్యాలి. రిజర్వ్ వాడాల్సి వస్తే దాన్ని మడిచినవాళ్ళకి ఓ సీసా కొనివ్వడం మావాళ్ళలో ఆనవాయితీ. కొనిచ్చాను. ఆయన సీసా తీసుకుని "ముడి పడ్డ తాళ్ళ ఫొటో ఉందా?" అని అడిగాడు. నన్ను బాగున్నావా అని అడగలేదు. మంచి రిగ్గర్లు అలాగే ఉంటారు.

ఇంకో సీసా ఇవ్వాల్సి వస్తే మూడు రింగుల విడుదల కనిపెట్టిన బిల్ బూత్‌కి ఇవ్వాలి. 1970ల్లో వచ్చిన ఆ ఏర్పాటుని విప్పి చూపిస్తే పిల్లలకి కూడా అర్థమవుతుంది. పెద్ద రింగులోంచి మధ్య రింగు, దానిలోంచి చిన్న రింగు దూరి వెనక్కి మడిచి ఉంటాయి. చిన్న రింగుని ఒక సన్నటి గుడ్డ ఉచ్చు పట్టి ఉంచుతుంది, ఆ ఉచ్చులోంచి ప్లాస్టిక్ పూత ఉన్న కేబుల్ ఒకటి పోతుంది. మనిషి బరువు, తిరుగుడు వల్ల వచ్చే బరువు అంతా ఒక్కో రింగు దగ్గర తగ్గుకుంటూ వచ్చి, చివరికి ఆ కేబుల్ దగ్గర చేత్తో లాగగలిగేంతే మిగులుతుంది. కేబుల్ జారితే ఉచ్చు వదులుతుంది, మూడు రింగులూ ఒకదాని వెంట ఒకటి దొర్లిపోతాయి. రెండు భుజాల దగ్గరా ఒకేసారి. అంతకుముందు వాళ్ళు భుజాల మీద లోహపు క్లిప్పులు విడివిడిగా విప్పుకునేవారు. గిరగిరా తిరుగుతూ ఆ పని చెయ్యడం ఎలా ఉండేదో ఊహించుకోవడానికి కూడా నాకు మనసొప్పదు.

అంటే, పారాచూట్ సరిగా తెరుచుకోకపోవడం అనే చిక్కు మీద మనకంటే తెలివైనవాళ్ళు యాభై ఏళ్ళు బుర్ర పెట్టారు. ఆ పని చాలావరకు అయిపోయింది. ఆ రోజు నేను చేసింది వాళ్ళ కష్టం మీద కూర్చుని రెండు పిడులు లాగడం. కథ బాగుంటుంది గనక పదిమందికీ చెబుతాను, అంతే.

ఇంతకీ నా గొడవ ఆ "అయిపోయింది" అన్న మాటతోనే. కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్ళు సామాను కొనేటప్పుడు "ఏఏడీ ఉంది కదన్నా" అంటారు, ఇన్సూరెన్స్ ఉంది కదా అన్నట్టు. ఏఏడీ అంటే మనం ఏ కారణం చేతైనా లాగకపోతే రిజర్వ్‌ని తనంతట తాను తెరిచే పెట్టె. 1991లో జర్మనీ నుంచి సైప్రెస్ వచ్చాక దాని మీద అందరికీ నమ్మకం కుదిరింది, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. అది లేకుండా నేను విమానం ఎక్కను. కానీ అది ఎప్పుడు పనిచేస్తుందో చూడండి. అనుభవమున్నవాళ్ళ మోడల్ నేలకి సుమారు 225 మీటర్ల ఎత్తులో, అప్పటికీ సెకనుకి 35 మీటర్లకి మించిన వేగంతో పడుతుంటే, రిజర్వ్‌ని మూసి ఉంచే దారాన్ని కత్తిరిస్తుంది. ఫ్రీఫాల్‌లో, అంటే పారాచూట్ తెరవకుండా పడేటప్పుడు, మనం సెకనుకి 50 మీటర్ల పైనే పడతాం. అంటే నేల అప్పటికి నాలుగు సెకన్ల దూరం. రిజర్వ్ తెరుచుకోవడానికి రెండు మూడు సెకన్లు కావాలి. దింపుడుకళ్ళం ఆశకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఇంకో సంగతి. నా టెన్షన్ నాట్ లాంటిదైతే ఆ పెట్టె అసలు పలక్కపోవచ్చు. సగం తెరుచుకున్న పారాచూట్ కింద పడే వేగం 35 మీటర్లకి చేరకపోతే, దాని లెక్కలో అంతా సవ్యంగా ఉన్నట్టే. నేల తగిలేదాకా అలాగే చూస్తూ ఉంటుంది. పైగా అది చెడిపోయిన పారాచూట్‌ని వదిలించదు, రిజర్వ్‌ని తెరుస్తుందంతే. మరీ కింద లాగడం అలవాటైనవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. పెద్దది నిదానంగా తెరుచుకుంటూ ఉండగానే పెట్టె పనిచేసి, రెండు పారాచూట్‌లూ ఒకేసారి బయటికొచ్చే ప్రమాదం. రెండూ చెరోపక్కకి విడిపోయి నేలవైపు దూసుకెళ్తే దాన్ని డౌన్‌ప్లేన్ అంటారు. అమెరికా పారాచూట్ సంఘం 2013లో అనుభవజ్ఞులు లాగాల్సిన కనీస ఎత్తుని 2,000 నుంచి 2,500 అడుగులకి పెంచింది. ఆ పెట్టెకీ మనకీ మధ్య ఎడం ఉండాలంటే మనమే పైన లాగాలి. అది మన కోసం కిందికి జరగదు.

బిల్ బూత్ చెప్పినట్టుగా మా లోకంలో ఒక మాట వాడుకలో ఉంది. సామాను ఎంత భద్రమైతే స్కైడైవర్లు అంతకి సరిపడా రిస్క్ తీసుకుని లెక్క సమం చేసేస్తారని దాని సారం. ఆయనంటే ఎంత గౌరవమున్నా ఇందులో సగమే నిజమంటాను. అమెరికాలో 1970ల్లో ఏటా సగటున 42 మందికి పైగా చనిపోయేవారు. 2024లో 38 లక్షలకి పైగా జంప్‌లు జరిగితే తొమ్మిది మంది చనిపోయారు. లెక్క సమం కాలేదు, బాగా తగ్గింది. ఆయన మాటలో నిజమైన సగం వేరే చోట ఉంది. చావు చోటు మార్చుకుంది. ఒకప్పుడు తెరవక, తెరవలేక పోయేవారు. ఇప్పుడు పోయేవాళ్ళలో, కాళ్ళూ నడుములూ విరగ్గొట్టుకునేవాళ్ళలో చాలామంది తలమీద నిక్షేపంలాంటి పారాచూట్ ఉన్నవాళ్ళే.

ఇక ఎవరికీ అక్కర్లేని కథ.

నేను రిగ్‌తో, అంటే పారాచూట్‌లున్న వీపు సంచీ, పట్టీలతో సహా 86 కిలోలు, అంటే 190 పౌండ్లు. పారాచూట్ సైజుని చదరపు అడుగుల్లో చెబుతారు. ఒక్కో చదరపు అడుగు మీద ఎన్ని పౌండ్లు పడుతున్నాయన్నదే వింగ్ లోడింగ్. 190 పారాచూట్ కింద నాది సరిగ్గా ఒకటి, కొత్తవాళ్ళకి అంతకు మించకుండా ఉండటమే మంచిది. మూడు వందల జంప్‌ల దగ్గర 150కి మారాను, దాదాపు 1.27. ఐదు వందలు దాటగానే 135 కొన్నాను, 1.4. అంకెలుగా చూస్తే తేడా ఏమంత అనిపించదు. 135 మీద ఒక బ్రేకు కొంచెం లాగితే 190 మీద సగం లాగినంత తిరుగుతుంది, తిరిగేటప్పుడు ముక్కు కిందికి పెట్టి దూకుతుంది, ఆ దూకుడులోంచి తేరుకోవడానికి ఎక్కువ ఎత్తు తింటుంది. ఎందుకు మారానంటే చెప్పడానికి సిగ్గుగానే ఉంటుంది. నాతో దూకే నలుగురూ మారారు. గడ్డి మీద వాళ్ళు సర్రున జారుకుంటూ దిగుతుంటే, నేను పైనుంచి దిగొచ్చే లిఫ్ట్‌లా ఉన్నానని ఒకడు అన్నాడు.

ఆ రోజు గాలి తక్కువ, అటూ ఇటూ మారుతోంది. పద్ధతి ప్రకారం 1,000 అడుగుల దగ్గర గాలి వాలున, 600 దగ్గర అడ్డంగా, 300 దగ్గర గాలికి ఎదురుగా తిరిగాను. 150 అడుగులకి దగ్గరవుతుండగా నేల ఉండాల్సినదానికంటే జోరుగా కదులుతోందని తట్టింది. గాలి దిక్కు చూపించే విండ్‌సాక్ వైపు చూస్తే దాని తోక నేను వెళ్తున్న వైపే తిరిగిపోయి ఉంది. గాలి ఇప్పుడు నా వెనకనుంచి. నిజానికి దాంతో పెద్ద నష్టం లేదు. నేరుగా దిగి, కాళ్ళు దగ్గరపెట్టి దొర్లితే బట్టలకి మట్టి అంటుకునేది. నాకు మాత్రం బుర్రలో "గాలికి ఎదురుగా దిగాలి" అన్న పాఠం ఒక్కటే మోగింది. కుడి బ్రేకు లాగాను.

పారాచూట్ చెప్పినట్టే చేసింది. అదే బాధ. తన పని తాను సక్రమంగా చేసి, నన్ను లోలకంలా పక్కకి విసిరి, ముక్కు కిందికి పెట్టింది. గడ్డి పోచలు విడివిడిగా కనిపించడం గుర్తుంది. రెండు బ్రేకులూ గుచ్చాను. కొంత లేచింది, చాలినంత లేవలేదు. ఎడమ కాలు ముందు తగిలింది. శబ్దం ఎండు కొమ్మ విరిచినట్టు ఉంది, నొప్పి రెండు సెకన్ల తర్వాత వచ్చింది. పడుకుని ఆకాశం చూస్తుంటే నా ఏఏడీ, నా ఆరెస్సెల్, నా మూడు రింగులు, 180 రోజులు నిండని నా రిజర్వ్ అన్నీ వీపు కింద భద్రంగా ఉన్నాయి. ఒక్కదానికీ పని పడలేదు. రెండు ప్లేట్లు, తొమ్మిది మరలు, ఎనిమిది నెలలు. చావు తప్పి కన్ను లొట్టపోవడమంటే ఇదే అనుకున్నాను.

ఇక్కడ నా వాదన శిక్షణ మీదికి పోతుంది. ఏఎఫ్ఎఫ్ (యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్) పద్ధతిలో కొత్తవాడిని ఇద్దరు శిక్షకులు చెరోపక్క పట్టుకుని దూకిస్తారు, లెవెల్ లెవెల్‌కీ వదులుతూ వస్తారు, మొత్తం 25 జంప్‌లు పూర్తిచేసి, పరీక్షలు పాసైతే మొదటి లైసెన్స్ ఇస్తారు. చాలా మంచి పద్ధతి. కానీ ప్రతి జంప్ అయ్యాక వీడియో పెట్టుకుని చూసేది ఏమిటి? ఆ అరవై సెకన్ల ఫ్రీఫాల్. నడుం వంచావా, కాళ్ళు చాపావా, ఎత్తు చూసుకున్నావా. ఆ తర్వాత నాలుగైదు నిమిషాలు వాడు పారాచూట్ కింద ఒంటరిగా ఎగురుతాడు. దాని వీడియో ఉండదు, చర్చ "ల్యాండింగ్ బాగుంది" అనే రెండు మాటలతో అయిపోతుంది. తెరుచుకోగానే పని అయిపోయిందన్న భావం వాడి ఒంట్లో అక్కడే ఇంకుతుంది. ఇల్లలకగానే పండగ కాదని మనమే చెప్పం.

నేను ఆ రోజు చెయ్యాల్సింది ఫ్లాట్ టర్న్. రెండు బ్రేకులూ సగం దాకా లాగి ఉంచి, తిరగాల్సిన వైపుది అలాగే ఉంచి, రెండోదాన్ని కొంచెం పైకి వదలడం. పారాచూట్ నిదానంగా, దాదాపు బల్లపరుపుగా, ఎత్తు పెద్దగా పోగొట్టుకోకుండా తిరుగుతుంది. దీన్ని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. చేతులకి మాత్రం రాదు. ఐదు వందల పైన జంప్‌లు చేసినవాడు ఐదుసార్లు కూడా చెయ్యలేదు. రిజర్వ్ డ్రిల్‌ని రోజూ వల్లె వేశాను, అది ఒక్కసారే అవసరపడింది. ల్యాండింగ్ ప్రతి జంప్‌కీ ఉంటుంది, దాన్ని వల్లె వెయ్యలేదు. భయం ఎక్కడుందో ప్రాక్టీసు అక్కడే పెట్టుకున్నాను, ప్రమాదం ఇంకోచోట కూర్చుని ఉంది.

మళ్ళీ దూకడం మొదలెట్టాక చేసిన మొదటి పని 5,000 అడుగుల జంప్‌లు. విమానం దిగగానే లాగెయ్యడం, ఫ్రీఫాల్ ఉండదు, టికెట్ చవక, గొప్ప చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. పైన, ఎవరూ లేని చోట, పారాచూట్‌ని స్టాల్ చేసి, అంటే ఎగరడం ఆగిపోయేదాకా బ్రేకులు లాగి, అది ఎక్కడ కూలుతుందో చేతులకి తెలిసేలా చేసుకున్నాను. ఫ్లాట్ టర్న్ ముందూ వెనకా ఆల్టిమీటర్ చూసి ఎంత ఎత్తు పోయిందో రాసుకున్నాను. అదే మలుపుని బ్రేకు గుచ్చి చేసి అదీ రాసుకున్నాను. ఆ రెండు అంకెల్ని పక్కపక్కన చూసినప్పుడు చీలమండ మళ్ళీ సలిపింది. అనుభవమైతేగానీ తత్వం బోధపడదంటారు, నాకు తొమ్మిది మరలు పట్టింది.

దొర్లడం గురించి కూడా చెప్పాలి. కాళ్ళూ మోకాళ్ళూ అతికించి, పాదం నుంచి పిక్క, తొడ, పిరుదు, వీపు వరసగా నేలకి తగిలేలా పడటం. మొదటి రోజే నేర్పిస్తారు. పాతిక జంప్‌ల తర్వాత ఎవడూ చెయ్యడు, చూసేవాళ్ళు నవ్వుతారని. నిలబడి దిగితేనే మగతనం అన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఆడవాళ్ళు కూడా ఇదే మాట మీద నిలబడటం చూశాను కాబట్టి మగతనం అనడం తప్పు, పంతం అనాలి.

సామాను కొనుక్కోవడం గురించి అడుగుతారు. పెద్దగా చెప్పడానికేం లేదు, హెల్మెట్ సరిపోయేది కొనుక్కోండి, చెవి దగ్గర ఎత్తు చెప్పే బీపర్ పెట్టుకోండి, ఒంటికి బిగించుకునే పట్టీలు, అదే హార్నెస్, మీ కొలతకి కుట్టించుకోండి. ఒక్క విషయంలో మాత్రం పోట్లాడతాను, రిజర్వ్ సైజు. వీపు మీద రిగ్ సన్నగా, అందంగా కనిపించాలని చిన్న రిజర్వ్ పెట్టించుకుంటారు. ఏఏడీ మీ రిజర్వ్‌ని తెరిచిందంటే మీరు స్పృహలో లేకపోవచ్చు, గాలిలో ఎవరి మోకాలో తలకి తగిలి ఉండొచ్చు. అప్పుడు బ్రేకులు లాగేవాళ్ళుండరు, దిగే చోటు చూసేవాళ్ళుండరు. ఆ మనిషికి సైజు ఎంపిక చెయ్యండి, అద్దం ముందు నిలబడ్డ మనిషికి కాదు.

కెమెరా కూడా అంతే. రెండు వందల జంప్‌లు నిండేదాకా హెల్మెట్‌కి కెమెరా పెట్టుకోవద్దని సలహా ఉంది. అగ్గిపెట్టెంత ఉంటుంది, దానికేంటి అంటారు. బరువు సంగతి కాదు, ధ్యాస సంగతి. 1988లో నార్త్ కరోలినాలో ఎనిమిది వందల పైగా జంప్‌లు చేసిన కెమెరామన్ ఒకాయన ఒక శిక్షణ జంప్‌ని వీడియో తీస్తూ విమానంలోంచి దూకాడు. ఆయన వీపు మీద పారాచూట్ లేదు. తొడుక్కునే ముందు, ఎక్కే ముందు, తలుపు తెరిచే ముందు మూడుసార్లు పిన్నులూ పట్టీలూ చూడమని మేం చాదస్తంగా వెంటపడేది అందుకే. ఎనిమిది వందల జంప్‌లు చూసుకోవడం మర్చిపోవడానికి అడ్డు రావు, కొన్నిసార్లు అవే కారణం.

నా పారాచూట్ ఇప్పుడు 170. వింగ్ లోడింగ్ 1.1 చిల్లర. పాత మిత్రులు ఇప్పటికీ లిఫ్ట్ అనే పిలుస్తారు.

మొన్న 180 జంప్‌లున్న కుర్రాడు ఒకడు ప్యాకింగ్ మ్యాట్ పక్కన కూర్చుని అడిగాడు. "అన్నా, 135 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వస్తోంది. మంచి రేటు. తీసుకోనా?"

"నీ 170 మీద ఫ్లాట్ టర్న్‌లు ఎన్ని చేశావు?"

"అవసరం రాలేదన్నా."

"5,000కి రెండు టికెట్లు రాయించు. నేనూ వస్తాను."

వాడికి ఇష్టం లేదు, ఆ పూట నలుగురితో ఫార్మేషన్, అంటే గాలిలో ఒకరినొకరు పట్టుకుని పడే జంప్, ఉంది. అయినా వచ్చాడు. రెండో జంప్ అయ్యాక పారాచూట్ భుజాన వేసుకుని నడుస్తూ, అరచేతిలో పెన్నుతో రాసుకున్న రెండు అంకెలు చూపించాడు. బ్రేకు గుచ్చిన మలుపుకి పోయిన ఎత్తు, ఫ్లాట్ టర్న్‌కి పోయిన ఎత్తు. మొదటిది రెండోదానికి మూడింతలకి పైనే ఉంది. "ఇది 170 మీద కదన్నా" అని ఆగాడు. అవునన్నాను.

135 సంగతి వాడింకా తేల్చలేదు. అమ్మేవాడు రెండుసార్లు ఫోన్ చేశాడట.